ఆవులతో పాటు ఆబోతునూ పరీక్ష చేయించాలి

సంపాదకులకు నమస్కారం.

చూలు నిలవక తిరిగి పొర్లే ఆవుల గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. దాణా, ఖనిజ లవణాలు, ఎద గుర్తించడం, అన్నీ చక్కగా రాశారు. ఆబోతు ఊసే లేదు. రెండేళ్లు నేను చేసిన తప్పు కూడా అదే కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా మందలో దాటించిన ఆవులు, చూలు నిలవకపోతే మామూలుగా ఎదకొచ్చే 21 రోజుల లెక్కకు అందకుండా, నెలకో నెలన్నరకో మళ్లీ ఎదకొచ్చేవి. లోపం ఆవులదే అనుకున్నాను. సూదులు వేయించాను, రెండింటిని అమ్మేశాను కూడా. ఆబోతు కండపట్టి నిగనిగలాడుతుంటే దాన్ని అనుమానించాలని తోచలేదు. చివరికి ఒక పశువైద్యుడు దాని శిశ్నం మీది తొడుగును సెలైన్‌తో కడిగి, ఆ నీళ్లు ల్యాబ్‌కు పంపితే కాంపిలోబ్యాక్టర్ బయటపడింది. ఈ బ్యాక్టీరియా ఆ తొడుగు ముడతల్లో కాపురముంటుంది. ఆబోతుకు జ్వరం ఉండదు, వాపు ఉండదు, వీర్యం కూడా బాగానే కనిపిస్తుంది. దాటిన ఆవులకు మాత్రం అంటిస్తుంది, కట్టిన పిండం తొలి వారాల్లోనే పోతుంది. వయసు ముదిరే కొద్దీ ముడతలు లోతవుతాయి కాబట్టి నాలుగేళ్లు దాటిన ఆబోతును ఇది ఓ పట్టాన వదలదు. మనమేమో ముదురు ఆబోతునే ఎక్కువ నమ్ముతాం.

నేను అమ్మిన ఆవుల్ని కొన్నవాళ్లకు వెళ్లి విషయం చెప్పాను. ఆ టెన్షన్ ఇప్పటికీ పోలేదు.

ఆవులు ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లా జబ్బు ఇంకా ప్రమాదం. వృషణం ఒకవైపు వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే గుర్తుకు రావాల్సిన జబ్బుల్లో అదొకటి. పరీక్షలో అదని తేలితే మందులతో నెట్టుకురాకూడదు, ఆబోతును మందలోంచి తీసేయాల్సిందే. ఈసుకుపోయిన దూడను, మాయను ఉత్త చేతులతో ఎత్తితే మనుషులకూ సోకుతుంది. ఈ జబ్బు టీకా పెయ్యదూడలకే వేస్తారు, కోడెదూడలకు వేయరు. ఆ సంగతి తెలియని రైతులు చాలామంది ఉన్నారు.

వీర్యంలో చీము పడే జబ్బు కోడె వయసులో ఎక్కువ. దానికి డాక్టర్ చెప్పినన్ని రోజులు యాంటీబయోటిక్ పడాలి. తగ్గినట్టుందని మధ్యలో ఆపేస్తే మళ్లీ తిరగబెడుతుంది. వీర్యకణాలు తయారవడానికే సుమారు రెండు నెలలు పడుతుంది కాబట్టి వైద్యం అయిన వెంటనే దాటించకుండా వీర్యం మళ్లీ చూపించుకోవాలి.

కొత్త ఆబోతును తెచ్చినప్పుడు విడిగా కట్టేసి, వారం వారం ఎడంతో మూడుసార్లు తొడుగు కడిగిన నీటిని పరీక్షకు పంపమని మా డాక్టర్ చెప్పారు. ఇప్పుడు అలాగే చేస్తున్నాను. దయచేసి ఈ సంగతులన్నీ పశువైద్యులతో వివరంగా రాయించి, నమూనా ఎలా తీస్తారో ఫొటోలతో సహా వేయండి.

ఇట్లు,
ఒక పాడి రైతు