గౌరవంగా తిట్టించుకున్న కథ

ఒరేయ్ లంబూ,

నీ ఉత్తరం, ఫోటో అంది నెల దాటింది. తిట్టుకుంటూనే ఉంటావు, తిట్టుకో. ఆలస్యానికి కారణం ఉంది, చివర్లో చెప్తాను. అమ్మ మోకాలు నయం, చిన్నది గోడ పట్టుకుని నడుస్తోంది, ఇల్లు ఇంకా మారలేదు. వార్తలు సమాప్తం. అసలు సంగతి విను, ఎవరికీ చెప్పుకోలేక కడుపు ఉబ్బిపోతోంది.

మొన్న ఆఫీసులో పెద్ద మీటింగు. పన్నెండు మందిమి. మూడు వారాలు కళ్ళు కాయలు కాసేలా తయారు చేసిన ప్లాను చదివి వినిపించాను. అవగానే చివరి కుర్చీలో పెద్దాయన గొంతు సవరించుకుని, "విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్..." అని ఆగాడు. మంచినీళ్ళు తాగడానికి ఆగాడురా, అంతే! నేను మెచ్చుకుంటున్నాడనుకున్నాను. లేచి నిలబడి, కాస్త వంగి మరీ, "థాంక్యూ సర్" అన్నాను. కప్పు ఇవ్వడానికి వేరేవాడి పేరు పిలిస్తే నువ్వు స్టేజీ ఎక్కేశావు చూడు, అచ్చు అలాగే. ఆయన గ్లాసు కింద పెట్టి వాక్యం పూర్తి చేశాడు: ఇందులో ఒక్క పేజీ కూడా పనికిరాదట.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బావుండేది.

ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాను. డ్యూ అంటే ఏమిట్రా? చెల్లాల్సిన బాకీ. అంటే "నీకు ఎంత గౌరవం చెల్లాలో అంతా చెల్లిస్తున్నాను" అని. ఎంత చెల్లాలో మాత్రం చెప్పడు. సున్నా అయినా లెక్క సరిపోతుంది! ఇంగ్లండు లాయర్లలో పాత హాస్యం ఒకటుందట: "విత్ రెస్పెక్ట్" అంటే నువ్వు చెప్పింది తప్పు, "విత్ గ్రేట్ రెస్పెక్ట్" అంటే శుద్ధ తప్పు, "విత్ ది అట్‌మోస్ట్ రెస్పెక్ట్" అంటే నీకు మతి పోయింది. గౌరవం పెరిగేకొద్దీ పరువు తగ్గుతుందన్నమాట. నాకు దక్కింది ఏ మెట్టో...

అన్నిట్లోకీ నాకు ఒళ్ళు మండేది "నో అఫెన్స్", అంటే ఏమీ అనుకోకు అని. గిల్లేది వాడే, ఏడవకూడదని హుకుం వేసేదీ వాడే. దానికన్నా మన "అంటే అన్నానంటావు గానీ" ఎంతో నయం. "చెప్పకూడదు గానీ" అనేవాడు చెప్పడం తప్పేనని ముందే ఒప్పుకుంటాడు, వినేవాడు దెబ్బ కాచుకోవడానికి సిద్ధపడతాడు. ఇంగ్లీషువాడు దండ వేస్తాడు, మనం మెడ వంచుతాం, అప్పుడు పడుతుంది. నేను నిజంగానే వంచాను కదా!

ఇంకోటి దొరికింది, ఇది నీకోసమే దాచాను. ఉన్నమాట మొహాన అనేవాళ్ళు "కాల్ ఎ స్పేడ్ ఎ స్పేడ్", అంటే పారను పార అనడం, అంటారు చూడు, అసలు అందులో పారే లేదట! పాతకాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిన కథ. మమ్మల్ని ద్రోహులంటున్నారని కొందరు వచ్చి ఫిలిప్ రాజుతో మొరపెట్టుకున్నారు. అలెగ్జాండర్ నాన్నే, ఆయనే. "మా మాసిడోనియా వాళ్ళు మొరటు మనుషులు, తొట్టిని తొట్టి అనే అంటారు" అన్నాడట. గ్రీకులో ఆ మాట స్కాఫే. తర్వాతెప్పుడో ఎరాస్మస్ అనే డచ్ పండితుడు లాటిన్‌లో పెట్టేటప్పుడు దాన్ని తవ్వే పనిముట్టు చేసేశాడు. 1542లో నికొలస్ యుడాల్ అనే ఇంగ్లీషు రచయిత దాన్నే ఇంగ్లీషులోకి పారగా దించాడు. ఇన్ని వందల ఏళ్ళుగా ఉన్నదున్నట్టు చెప్తున్నామని మీసం మెలేసేవాళ్ళంతా తొట్టిని పార అంటున్నారురా! మన కుండబద్దలు కొట్టడమే దానికి దగ్గర చుట్టం.

అన్నట్టు, ఆ మర్నాడు కారిడార్‌లో పెద్దాయన ఎదురయ్యాడు. పగ తీర్చుకుందామని "విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్, సర్" అని మొదలెట్టాను. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు, దేవుడి మీద ఒట్టు! తీరా తర్వాత ఏమనాలో ఆలోచించుకోలేదు నేను. ఆయన చూస్తున్నాడు, నేను చూస్తున్నాను. చివరికి "గుడ్ మార్నింగ్" అన్నాను.

ఇంతకీ ఆయన అన్నది నిజమే. నాలుగో పేజీలో లెక్క తప్పు, దాని మీదే మిగతా అంతా కట్టాను. అది తెలిశాక కోపం కూడా మిగల్లేదు, అదే ఎక్కువ బాధ. వదిలెయ్.

నీ ఫోటో సంగతి. "ఎలా ఉంది, దాచకుండా చెప్పు" అని రాశావు. నెలరోజులుగా దానికి ముందు ఏ మాట తగిలించాలా అని వెతుకుతున్నానురా, అదే ఆలస్యం. ఏదీ దొరకలేదు.

మీసం తీసెయ్.

అదిగో, పిలుస్తున్నారు, మళ్ళీ మీటింగ్. ఈసారి కూర్చునే

— నీ కప్పు గెలవనివాడు