ప్రధాన కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రధాన కార్యదర్శి గారికి,

నమస్కారం. మన సంఘం ప్రధాన కార్యదర్శిగా మీ ఎన్నిక మాకు సంతోషం. సభలో పెద్ద కుర్చీ అధ్యక్షులదే అయినా సంఘం నడిచేది మీ బల్ల మీదనే. ఎజెండా రాసేది, నోటీసు పంపేది, సమావేశాల్లో జరిగింది రాసే మినిట్స్ పుస్తకం భద్రంగా ఉంచేది మీరే. ఏది చర్చకు రావాలో సగం అక్కడే తేలిపోతుంది.

ఇది చిన్న అధికారం కాదు. 1922లో స్టాలిన్ సోవియట్ కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి అయినప్పుడు చాలామంది అది కాగితాల పనే అనుకున్నారు. కానీ నియామకాలు చేతిలోకి వచ్చాక మెల్లగా పార్టీయే ఆయన చేతిలోకి వెళ్లింది. ఐక్యరాజ్య సమితి చార్టర్‌లో ప్రధాన కార్యదర్శి ముఖ్య పరిపాలనాధికారి మాత్రమే. అయినా శాంతికి ముప్పు ఉందనిపిస్తే భద్రతా మండలికి చెప్పే హక్కు 99వ అధికరణ ఇచ్చింది. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది: పెత్తనం లేదు, నోరు మాత్రం ఉంది.

ఇక అసలు విషయం. గత సర్వసభ్య సమావేశం మినిట్స్‌లో చందా పెంపు తీర్మానం పక్కన ‘ఏకగ్రీవం’ అని ఉంది. ఆ రోజు కొందరు లేచి నిలబడి వద్దన్నారు. వాళ్ల అభ్యంతరం ఒక్క ముక్క కూడా ఎక్కలేదు. అది మీ హయాంలో రాసింది కాదు, నిజమే. కానీ పుస్తకం ఇప్పుడు మీ దగ్గరుంది. వచ్చే సమావేశంలో ఆ మినిట్స్‌ను ఆమోదానికి పెట్టే ముందు సవరణకు అవకాశం ఇవ్వండి. జమాఖర్చుల కాపీ కూడా నోటీసుతో పాటే పంపండి. సభలో చేతికిస్తే ఎవరు చదవగలరు?

ఇట్లు,
ఒక సాధారణ సభ్యుడు