ఫాదర్ గారి భార్యకు డ్యూటీలు వేయకండి

సంపాదకుడు గారికి,

పెళ్లయిన కథోలిక గురువులు ఉంటారా అని మీ పత్రికలో జరుగుతున్న చర్చ చూసి రాస్తున్నాను. ఉంటారు. ఇంగ్లండ్‌లో మేముండే ఊళ్లో మా విచారణకు (పారిష్‌కు) వచ్చే నెల అలాంటి ఫాదర్ గారే వస్తున్నారు, భార్యా ఇద్దరు పిల్లలతో. ఇదివరకు ఆయన ఆంగ్లికన్ గురువు, అంటే ఇంగ్లండ్ చర్చివారు. ఈ మాట గుంటూరులో మా చుట్టాలకు చెబితే ముందు నమ్మలేదు, నమ్మాక ‘అయితే మన ఫాదర్లూ పెళ్లి చేసుకోవచ్చా’ అని మొదలుపెట్టారు.

చేసుకోకూడదు. పెళ్లయినవాళ్లకు గురుపట్టం ఇవ్వడం వేరు, పట్టం అయ్యాక పెళ్లాడటం వేరు. ఆంగ్లికన్ సంఘంలో ఉండగానే పెళ్లయి ఇటు వచ్చిన గురువులకు పోపు గారు ఒక్కొక్కరికీ విడిగా మినహాయింపు ఇస్తారు. 1994లో ఇంగ్లండ్ చర్చి స్త్రీలకు గురుపట్టం ఇవ్వడం మొదలుపెట్టాక చాలామంది ఇలాగే వచ్చారు. 2009లో 16వ బెనెడిక్ట్ పోపు వీళ్లకోసం ప్రత్యేక ఏర్పాటు ప్రకటిస్తే, 2011లో ఇక్కడ వాల్సింగ్‌హామ్ ఆర్డినరియేట్ అని, ఇలా వచ్చినవాళ్లకు బిషప్ పీఠం లాంటి విభాగం వచ్చింది. దాని మొదటి అధిపతి కీత్ న్యూటన్ ఆంగ్లికన్ బిషప్‌గా చేసినవారే, కానీ భార్య ఉన్నారు కాబట్టి కథోలిక బిషప్ కాలేకపోయారు, గురువుగానే ఉండి నడిపించారు. పెళ్లి కోసం పట్టం వదులుకున్న మన పాత ఫాదర్లకు ఇదంతా చూస్తే కడుపు మండదా అంటే, మండుతుంది, అందులో వాళ్ల తప్పేం లేదు.

నా గోల మాత్రం మాకు రాబోయే ఫాదర్ గారి భార్య గురించి. మన సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా ప్రొటెస్టెంట్) సంఘాల్లో అయ్యగారికి బదిలీ అయితే అమ్మగారికీ అయినట్టే, సామాను దింపకముందే స్త్రీల మైత్రి, సండే స్కూలు, క్వయరు ఆవిడ నెత్తిన పడతాయి, జీతం మాత్రం ఒక్కరికే. కథోలికులకు ఆ అలవాటు లేదు కదా అనుకున్నాను. పోయిన ఆదివారం పూజ అయ్యాక టీ దగ్గర మన తెలుగువాళ్లే, ఆవిడ పాడతారా, పిల్లలకు క్యాటకిజం (మతపాఠాలు) చెబుతారా, పండక్కి వంటలు చూసుకుంటారా అని లెక్కలేస్తున్నారు. ఆవిడకేదైనా ఉద్యోగం ఉందా అని ఒక్కరైనా అడగలేదు!

ఇంటి సంగతి ఎవరికీ పట్టదు. మా ఫాదర్ గారి ఇల్లు ఒంటరి మనిషి కోసం కట్టింది. ముందు గదే ఆఫీసు, వంటింట్లోకి దారి అందులోంచే, కమిటీ మీటింగులు డైనింగ్ టేబుల్ మీద, పూజ కార్డు (ఫలానావారి కోసం పూజ చేయిస్తున్నామని ఇచ్చే కార్డు) మీద సంతకం కావాలని రాత్రి ఎనిమిదింటికి కూడా బెల్లు కొడతారు. పిల్లలు హోంవర్క్ ఎక్కడ చేసుకోవాలి? ఆఫీసును పారిష్ హాలుకు మార్చాలి, ఆ ఇంటి తాళాలు ఎవరెవరి దగ్గరున్నాయో అన్నీ వెనక్కి తీసుకోవాలి. నలుగురి సంసారానికి బిషప్ గారి పీఠం ఎంత ఇస్తుందో, మేం నెలకు ఎంత వేసుకోవాలో ఆయన రాకముందే నోటీసు బోర్డు మీద పెట్టాలి.

— ఓ పాఠకురాలు, ఇంగ్లండ్