మే నెల ప్రదర్శన గురించి, మారిన ఫీజు గురించి

మా నాటకం క్లాసులకు పిల్లల్ని పంపుతున్న మహబూబ్‌నగర్ తల్లిదండ్రులందరికీ నమస్కారం.

వేసవి శిబిరం చివరి రోజు చాలామంది మీరు హాల్లోనే ఉన్నారు. ఆరో తరగతి పాప ఒకామె స్టేజీ మధ్యలోకి వచ్చి మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. పక్క నుంచి మేం మాట అందిస్తున్నా ఆమెకు వినపడలేదు. ఏడుస్తూ లోపలికి వెళ్లిపోయింది. బడులు తెరిచాక వాళ్ల నాన్న వచ్చి, "మేడం, మా పాప ఇప్పుడు బడిలో హాజరు పలకడానికి కూడా భయపడుతుంది" అన్నారు. ఆయన కోపంగా అన్నా బాగుండేది.

తప్పు నాది. "30 రోజుల్లో స్టేజీ భయం మాయం" అని బోర్డు రాయించింది నేనే. ఆ మాట నిలబెట్టుకోవాలని ఒకే బ్యాచ్‌లో 28 మందిని చేర్చుకుని, మొదటి వారం నుంచే డైలాగులు బట్టీ పట్టించాను. అవీ పుస్తకాల భాషలో. ఇంట్లో "ఏం జేస్తున్నవ్" అనే పిల్లతో "ఏమి చేయుచున్నావు" అనిపించాను. నోరు తిరగని మాట ఎక్కడ తప్పిపోతుందో అన్న టెన్షన్‌లో నటన ఏం గుర్తుంటుంది?

మన పాలమూరు ఊళ్లలో యక్షగానం చూస్తూ పెరిగినదాన్ని. అక్కడ వేషం కట్టినవాళ్లను ఒంటరిగా వదలరు. వెనక తాళం ఉంటుంది, వంత ఉంటుంది. పాట చివర వంతవాళ్లు అందుకోగానే నటుడికి ఊపిరి పీల్చుకునే సందు దొరుకుతుంది, మరిచిన మాట గుర్తుకొస్తుంది. ఒగ్గు కథలోనూ పక్కవాళ్లు కథను అందుకుంటూనే ఉంటారు. ఇదంతా తెలిసి కూడా పదకొండేళ్ల పిల్లను మైకు ముందు ఒంటరిగా నిలబెట్టాను.

అమెరికాలోని షికాగోలో వలస కుటుంబాల పిల్లలకు నాటకం నేర్పిన వయోలా స్పోలిన్ ఆటలతో నేర్పేవారు. చేయాల్సిన పని మీద ధ్యాస నిలిస్తే, అందరూ నన్నే చూస్తున్నారన్న భయానికి చోటు తగ్గుతుంది. జూన్‌లో మేం అద్దం ఆటతో మొదలుపెట్టాం. ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు, ఒకరు చెయ్యి కదిపితే రెండోవారు అద్దంలో బొమ్మలా అలాగే కదపాలి. తలెత్తి మాట్లాడని పిల్లలు కూడా ఆ ఆటలో ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తున్నారు.

ఆ పాప మళ్లీ వస్తోంది. ఒక మూల కూర్చుని మిగతావాళ్లకు తాళం వేస్తుంది. మాట్లాడమని మేం అడగడం లేదు.

ఇకపై బ్యాచ్‌కు 12 మందే. మొదటి రెండు నెలలు ప్రదర్శన ఉండదు, ఆ తర్వాత కూడా పిల్లలు తామే అడిగితేనే. మాటలు వాళ్ల ఇంటి భాషలోనే ఉంటాయి. బోర్డు తీయించేశాను. పిల్లలు తగ్గారు, హాలు అద్దె తగ్గలేదు, కాబట్టి నెల ఫీజు 800 రూపాయల నుంచి 1,000 రూపాయలకు పెరుగుతుంది. ఇప్పటికే చేరినవాళ్లకు దసరా దాకా పాత ఫీజే. మే శిబిరం డబ్బు వెనక్కి కావాలనుకునేవాళ్లు ఈ నెలాఖరులోపు చెప్పండి, కారణం అడగను.