సీటు కోసే ముందు ఒకసారి కూర్చుని చూద్దాం

వచ్చే నెల నుంచి మన వర్క్‌షాప్‌లో ఒక పద్ధతి మారుతోంది. అడ్వెంచర్ టూరింగ్ బండి ఎత్తు తగ్గించమని వచ్చినవాళ్లకు అడిగిన రోజే లోవరింగ్ లింకులు (వెనక సస్పెన్షన్‌కు ఉండే కడ్డీల బదులు వేసే, బండిని కిందికి దించే వేరే పొడవువి) బిగించి పంపడం ఆపేస్తున్నాం. సీటు ఫోమ్ కోయడం కూడా అంతే. ముందు మిమ్మల్ని బండి మీద కూర్చోబెట్టి కొలతలు తీస్తాం, సస్పెన్షన్ మీ బరువుకు సర్దుతాం, ఖాళీ స్థలంలో కాసేపు నడిపిస్తాం. అప్పటికీ ఇబ్బందిగా ఉంటేనే కోతా, లింకులూ.

దీనివల్ల మా ఆదాయం కొంత తగ్గుతుంది, అది తెలిసే చేస్తున్నాం. లింకులు మార్చడం మాకు సులువైన పని. ఉన్నవి విప్పి వేరే పొడవువి బిగిస్తే అయిపోతుంది, కస్టమర్ కూడా సంతోషంగా వెళ్తారు. సస్పెన్షన్ సర్దడానికి మాత్రం ఇద్దరు మనుషులు కావాలి, టేపు పట్టుకుని ఓపిగ్గా కొలవాలి. అంతా అయ్యాక చూస్తే బండి మీద కొత్తగా కనిపించేది ఏమీ ఉండదు. అలాంటి పనికి డబ్బు అడగడం కూడా కష్టమే. కానీ పొట్టిగా ఉన్న రైడర్లలో చాలామందికి నిజంగా పనికొచ్చేది అదే.

మాకు ఎక్కువగా వచ్చే మెసేజ్ ఇలా ఉంటుంది: "నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. ఫలానా బండి సీటు 835 మిల్లీమీటర్లు. నాకు అందుతుందా?" ఇది చెప్పుల సైజు చెప్పి చొక్కా సరిపోతుందా అని అడిగినట్టే. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడవుగా, ఇంకొకరికి నడుము పైభాగం పొడవుగా ఉండొచ్చు. అందుకే మేం ముందు అడిగేది కాలి లోపలి కొలత. చెప్పులు లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, తొడల మధ్య ఒక గట్టి అట్ట పుస్తకాన్ని పైకి ఆనేదాకా జరిపి, దాని పై అంచు నుంచి నేల దాకా కొలవండి. ఆ అంకె పంపితే మాట్లాడుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది.

ఆ కొలత ఉన్నా కథ పూర్తవదు. సీటు ముందు భాగం వెడల్పుగా ఉంటే తొడలు పక్కలకి విచ్చుకుని కాలు నేలకి చేరే దారి పొడవవుతుంది. సన్నగా ఉంటే కాలు నేరుగా కిందికి దిగుతుంది. అందుకే కాగితం మీద ఎత్తుగా కనిపించే బండి కొన్నిసార్లు పొట్టి బండి కంటే సులువుగా అందుతుంది. బీఎండబ్ల్యూ తన స్పెసిఫికేషన్లలో సీటు ఎత్తుతో పాటు ఒక అరికాలి నుంచి సీటు మీదుగా రెండో అరికాలి దాకా ఉండే వంపు కొలత కూడా ఇస్తుంది. నన్నడిగితే సీటు ఎత్తు కంటే అదే పనికొచ్చే అంకె. మిగతా కంపెనీలు కూడా ఇస్తే మా ఫోన్లు సగం మోగవు.

ఇక స్ప్రింగు సంగతి. దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే షోరూంలో ఎవరూ చెప్పరు.

బండి మీద మీరు కూర్చున్నప్పుడు సస్పెన్షన్ కొంత దిగుతుంది. దాన్నే సాగ్ అంటారు. ఇలాంటి బళ్లలో చక్రం మొత్తం కదిలే దూరంలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా దిగాలని సాధారణ లెక్క. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 తీసుకోండి. ముందూ వెనకా 200 మిల్లీమీటర్ల ప్రయాణం, అంటే చక్రం కదిలే దూరం, ఉంది. మూడో వంతు అంటే 65 దాకా. బరువైన మనిషి కూర్చుంటే అంత దిగుతుంది. తేలికైన మనిషి కూర్చుంటే 40 దగ్గరే ఆగిపోవచ్చు. అంటే అదే బండి, అదే సీటు, కానీ తేలికైన మనిషికి 25 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉన్నట్టు. సీటు ఫోమ్‌లో మామూలుగా కోసేది కూడా ఇంచుమించు అంతే. ఎత్తు తక్కువగా ఉన్నవాళ్లు చాలాసార్లు బరువులో కూడా తేలిక కాబట్టి, ఈ రెండో దెబ్బ కూడా వాళ్లకే తగులుతుంది.

ముందు ప్రీలోడ్, అంటే స్ప్రింగును ముందే నొక్కి ఉంచే బిగువు, తగ్గించి చూస్తాం. కొందరికి దానితోనే మునివేళ్ల నుంచి పాదం ముందు భాగం నేలకి ఆనే స్థితి వస్తుంది. ప్రీలోడ్ పూర్తిగా తగ్గించినా బండి మీ బరువుకు సరిపడా దిగకపోతే ఆ స్ప్రింగ్ మీకు గట్టిదని అర్థం. అప్పుడు మెత్తటి స్ప్రింగ్ వేస్తే ఎత్తు తగ్గడమే కాదు, గుంతల్లో బండి మిమ్మల్ని ఎగరేయడం కూడా తగ్గుతుంది. "ఈ బండి సస్పెన్షన్ చాలా గట్టి" అని తిట్టుకునే తేలిక రైడర్లలో కొందరి అసలు సమస్య ఇదే. ఒక్క జాగ్రత్త: వెనక మనిషినో సామాన్లో ఎక్కించినప్పుడు ప్రీలోడ్ మళ్లీ పెంచాలి. పెంచకపోతే గట్టి గుంతలో సస్పెన్షన్ అడుగుకి కొట్టుకుంటుంది. ఎన్ని క్లిక్కులు, ఎటువైపు అన్నది రాసి మీ చేతికిస్తాం.

లోవరింగ్ లింకులు చెడ్డవని నేను అనను. కానీ అవి ఒంటరిగా రావు. వెనక భాగం 30 మిల్లీమీటర్లు దిగితే ముందు భాగం అక్కడే ఉండిపోతుంది, హ్యాండిల్ తిరగడం బద్ధకంగా మారుతుంది, హెడ్‌లైట్ ఆకాశం వైపు చూస్తుంది. సరిచేయడానికి ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టాలను క్లాంపుల్లో పైకి జరపాలి. అలా జరిపాక సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు ముందు చక్రం మడ్‌గార్డుకో రేడియేటర్‌కో తగలకుండా ఉందో లేదో చూడాలి. ఇంజన్ కింద ఖాళీ తగ్గుతుంది కాబట్టి రాళ్ల దారిలో అడుగు ప్లేటు తగులుతుంది. అన్నిటికంటే ఎక్కువ మర్చిపోయేది సైడ్ స్టాండ్. బండి దిగింది, స్టాండ్ పొడవు అంతే ఉంది. ఇక బండి వాలకుండా నిటారుగా నిలబడుతుంది, చిన్న గాలికో, పక్కవాడి మోచేయి తగిలో స్టాండ్ లేని వైపు పడిపోతుంది. అందుకని ఇకపై మేం లింకులు వేస్తే ఫోర్కు, హెడ్‌లైట్, సైడ్ స్టాండ్ అన్నీ కలిపే చేస్తాం. "స్టాండ్ తర్వాత చూసుకుంటాను, లింకులు మాత్రం వేసేయండి" అంటే వేయం.

సీటు కోత విషయంలో రెండే మాటలు. ముందు అంచులు సన్నబరిస్తే తక్కువ ఫోమ్ పోయి ఎక్కువ లాభం వస్తుంది. మధ్యలో లోతుగా కోస్తే కూర్చున్నప్పుడు బాగానే ఉంటుంది గానీ, రోజంతా నడిపితే మోకాళ్లు ఎక్కువ ముడుచుకుని, తుంటి ఎముక అడుగు పలకకు తగిలి నరకం కనిపిస్తుంది. టూరింగ్ బండి అన్నాక రోజంతా కూర్చునే లెక్కే చూడాలి.

ఇంకా బండి కొననివాళ్ల కోసం. మీరు సీటు ఎత్తు చూసి బరువు మర్చిపోతున్నారు. పాత హిమాలయన్ 411 సీటు 800 మిల్లీమీటర్లు, బరువు 199 కిలోలు. సుజుకి వీ-స్ట్రామ్ ఎస్‌ఎక్స్ సీటు 835, బరువు 167. శక్తిలో పెద్ద తేడా లేదు. సీటు 35 మిల్లీమీటర్లు ఎక్కువ, బరువు 32 కిలోలు తక్కువ. రాళ్ల దారి ఎక్కువైతే హిమాలయన్ సస్పెన్షన్‌కే ఓటు. కానీ రోజూ పార్కింగులో వెనక్కి నెట్టుకోవడం, వాలిపోతున్న బండిని ఒక కాలితో ఆపడం, పడితే లేపడం ఆలోచిస్తే నేను రెండోదే ఎంచుకుంటాను. బండి నిటారుగా ఉన్నంతసేపు రెండు పాదాలూ ఆనడం హాయిగానే ఉంటుంది. కొంచెం వాలిందో, అప్పుడు లెక్కలోకి వచ్చేది బరువే.

పెద్ద బళ్లే కావాలంటే కంపెనీ నుంచే తక్కువ ఎత్తులో వచ్చేవి చూడండి, మా దగ్గరికి రాకముందే. పాత మోడళ్లలో బీఎండబ్ల్యూ ఎఫ్ 750 జీఎస్ మామూలు సీటు 815. ఫ్యాక్టరీలోనే తగ్గించిన సస్పెన్షన్‌తో అయితే 770 ఉండేది. ట్రయంఫ్ ‘టైగర్ 900 జీటీ లో’ (Low) అనే మోడల్‌ను పొట్టి రైడర్ల కోసమే తెచ్చింది, దాని సీటు 760 నుంచి 780 ఉండేది. ఇలాంటి వాటిలో స్ప్రింగు, స్టాండు, జామెట్రీ (ఫోర్కు వాలు లాంటి కొలతలు) అన్నీ ఆ ఎత్తుకే లెక్కగట్టి ఉంటాయి. కాకపోతే సస్పెన్షన్ ప్రయాణం తగ్గుతుంది, అది ఒప్పుకోవాలి. హార్లే డేవిడ్‌సన్ 2021లో పాన్ అమెరికాతో తెచ్చిన పద్ధతి ఇంకోటి: ఆగే సమయానికి బండి తనంతట తానే కిందికి దిగుతుంది, బయల్దేరాక లేస్తుంది. బీఎండబ్ల్యూ ఆర్ 1300 జీఎస్‌లోనూ అలాంటి ఏర్పాటు తీసుకోవచ్చు, 850 నుంచి 820కి దిగుతుంది. అద్భుతమైన ఆలోచనే. అయినా అది 237 కిలోల బండి, దాని మీద సామాన్లు వేరే.

యమహా టెనెరే 700 పట్టుకొచ్చి రెండు అంగుళాలు దించమనేవాళ్లకు ముందే చెప్తున్నాను: చేయం. ఆ బండి సీటు 875. ఆ ఎత్తుకు కారణం పొడవైన సస్పెన్షన్, ఆ బండి కొనడానికి కారణం కూడా అదే. దాన్ని అంత కోసేస్తే మిగిలేది బరువూ, స్టిక్కర్లూ. తక్కువ ఎత్తు సీటు, కొద్దిపాటి లింకు దాకా అయితే మాట్లాడుకుందాం.

"నా బండి, నా డబ్బు, మీకేంటి?" అని ఇప్పటికే ఒకరిద్దరు అడిగారు. నిజమే, బండి మీదే. సరిగ్గా నడిపి చూశాక కూడా మీకు కావాలనిపిస్తే, పైన చెప్పినవన్నీ కలిపి శ్రద్ధగా చేస్తాం. నడపకుండా మాత్రం కాదు.

ఆ నడిపే సెషన్‌లో ఏం ఉంటుందంటే, మొదట ఒక కాలితో ఆగడం. రెండు కాళ్ల మునివేళ్ల మీద నిలబడేకంటే, తుంటిని కొంచెం ఎడమకు జరిపి ఎడమ పాదం పూర్తిగా ఆనించి, కుడికాలు వెనక బ్రేకు మీద ఉంచడం చాలా గట్టి స్థితి. ఎత్తైన రైడర్లు కూడా పెద్ద బళ్లను ఇలాగే ఆపుతారు, మనం గమనించం. హ్యాండిల్ తిన్నగా ఉన్నప్పుడే ఆగాలి. తిప్పి ఉన్నప్పుడు ముందు బ్రేకు పట్టారా, బండి అటే కూలుతుంది. ఆగే ముందు నేల చూసుకోవాలి, ఎడమ వైపు గుంత ఉంటే ఇంకో అడుగు ముందుకు వెళ్లి ఆగాలి. సైడ్ స్టాండ్ వేసి ఎడమ ఫుట్‌పెగ్ మీద నిలబడి ఎక్కడం కూడా నేర్పిస్తాం, సీటు వెనక పెట్టె (టాప్ బాక్సు) ఉన్నప్పుడు కాలు వెనక నుంచి తిప్పడం కుదరదు కదా. క్లచ్ సగం, వెనక బ్రేకు కొంచెం, నడక వేగంలో మలుపులు. అసలు కాలు కింద పెట్టే అవసరమే తగ్గితే సగం టెన్షన్ పోతుంది.

పడిన బండిని లేపడం కూడా చేయిస్తాం, మొహమాటపడకండి. ఇంజన్ ఆపి, గేరులో పెట్టి, కుడివైపు పడితే ముందే సైడ్ స్టాండ్ తెరిచి, బండికి వీపు పెట్టి సీటుకు ఆనుకుని కూర్చున్నట్టు వంగి, కాళ్లతో నెడుతూ చిన్న అడుగులతో వెనక్కి జరగాలి. నడుముతో లాగకూడదు. మీరు లేపలేని బండి అని అక్కడే తేలితే, అది దూర ప్రయాణంలో తెలియడం కంటే మేలు. అప్పుడు మేం వేరే బండి చూడమంటాం, మా దగ్గర పని చేయించుకోమని కాదు.

ఒక చిన్న మనవి. రైడర్‌తో పాటు వచ్చే స్నేహితులు, భర్తలు, అన్నయ్యలు ఆ సమయంలో కాస్త దూరంగా కూర్చోండి. "కాలు సరిగ్గా అందుతోందా?" అని మేం అడిగేది బండి మీద ఉన్నవాళ్లని. జవాబు ఎప్పుడూ పక్కనుంచే వస్తోంది.

వచ్చేటప్పుడు రోజూ వేసుకునే బూట్లు, జాకెట్ వేసుకునే రండి. అడుగు మందంగా ఉండే టూరింగ్ బూట్లతో లెక్క మారిపోతుంది, మామూలు చెప్పులతో తీసిన కొలత మాకు పనికిరాదు. ప్రయాణానికి వాడే పెట్టెలు ఉంటే సామాన్లతో సహా తీసుకురండి, ఖాళీవి వద్దు. ఈ మొత్తం పనికి సగం పూట పడుతుంది కాబట్టి రోజుకు తక్కువ మందినే తీసుకోగలం, బుకింగ్ తేదీలు వెనక్కి వెళ్తాయి. ఇప్పటికే లింకులకో సీటుకో తేదీ తీసుకున్నవాళ్లకు పాత మాటే వర్తిస్తుంది, ఆ రోజే పని పూర్తి చేసిస్తాం. అయితే లింకుల వాళ్లు సైడ్ స్టాండ్ కూడా మార్పించుకోవాల్సిందే. మీకు ఇష్టమైతే ఓ గంట ముందు రండి, సాగ్ కొలిచి చూపిస్తాం. అది చూశాక బుకింగ్ రద్దు చేసుకుంటానన్నా అడ్వాన్సు తిరిగిచ్చేస్తాం.