కొరియా పేర్లు వినికిడిని బట్టి రాయాలి

కొరియా పేర్లను ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి తెలుగులో రాయడం మన పత్రికలు మానుకోవాలి. ‘సియోల్’ అని రాస్తున్నాం, కానీ అక్కడివాళ్ల నోట వినిపించేది దాదాపు ‘సొఉల్’. ఇంగ్లిష్‌లో ‘ఇ, ఓ’ అనే రెండు అక్షరాలతో రాసేది వాళ్లకు ఒకే అచ్చు, అందులో ‘యో’ లేనే లేదు. ‘పార్క్’ అనే ఇంటిపేరులో రకారం పలకరు. ఇక ‘లీ’ అయితే దక్షిణ కొరియాలో ‘ఈ’. మొదటి అధ్యక్షుడు సింగ్‌మన్ రీ, నౌకా సేనాని యీ సున్‌సిన్, ఇప్పటి అధ్యక్షుడు లీ జేమ్యంగ్‌ల ఇంటిపేరు ఒక్కటేనని మన పాఠకుడికి ఎలా తెలుస్తుంది? 2000లో కొరియా ప్రభుత్వం రోమన్ స్పెల్లింగులను సవరించింది. పుసాన్ నగరం బుసాన్ అయింది గానీ, మనుషుల పేర్లు మాత్రం ఎవరి అలవాటు వాళ్లదే. కాబట్టి ఇంగ్లిష్‌ను నమ్ముకుని లాభం లేదు. హ్రస్వ ఎ, ఒ ఉన్న మన లిపి ఈ పనికి చాలావరకు సరిపోతుంది. కొరియన్ తెలిసినవారితో కొరియా లిపి హంగుల్ అక్షరాలకు తెలుగు పట్టిక ఒకటి చేయించి డెస్కులో పెట్టుకోండి. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో మన పిల్లలు కొరియన్లతో కలిసి పనిచేస్తున్నారు. ఆ పేర్లను వాళ్లు సరిగ్గా పిలవగలగాలి.