మంగళవారం మళ్లీ వచ్చేవాళ్లు కావాలి

సంపాదకులకు నమస్కారం.

మునిసిపల్ బడుల్లో పిల్లలకు నోటుపుస్తకాలు పంచిన వార్తలు జూన్, జూలై నెలల్లో మీ జిల్లా పేజీల్లో వారానికి రెండైనా వస్తాయి. ఫొటోలో వెనక బ్యానరు, ముందు దాతలు, మధ్యలో సగం దాత చేతిలో సగం పిల్లవాడి చేతిలో ఒక పుస్తకం. తప్పు పట్టడం లేదు, ఆ పుస్తకాలు కొనలేని ఇళ్లు ఎన్నో నాకు తెలుసు. కాని ఆ పిల్లవాడికి చదవడం వచ్చా అని ఆ ఫొటోలో ఉన్నవాళ్లెవరూ అడిగినట్టు లేదు. నేను అడిగాను కాబట్టే ఈ ఉత్తరం.

టెలిఫోన్ శాఖలో ఆపరేటరుగా చేరి, ముప్పై మూడేళ్లు చేసి రిటైరయ్యాను. 2024 జూన్ నుంచి మంగళ, శుక్రవారాల్లో విజయవాడలో అజిత్‌సింగ్‌నగర్ వైపు ఒక మునిసిపల్ ప్రాథమిక పాఠశాలకు వెళ్తున్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో చాప వేసుకుని ఒక్కొక్కరితో పావుగంట చదివిస్తాను. పాఠం చెప్పను, నేను టీచర్ని కాను. వాళ్లు చదువుతుంటే వింటాను. నా ఉద్యోగమూ వినడమే కాబట్టి కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా లేదనుకున్నాను. అదెంత పొరపాటో ముందు ముందు చెబుతాను.

మొదటిరోజు మూడో తరగతి పాప ఒకతె తెలుగు వాచకం తీసి పాఠం గడగడా చదివేసింది. నేను మురిసిపోయాను. పేజీ అయిపోయింది, తిప్పడం మరిచిపోయింది, చదవడం మాత్రం ఆగలేదు! అంతా కంఠతా. మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ‘ఇదేమిటమ్మా’ అంటే బొమ్మ వంక చూసింది, తర్వాత నా మొహం వంక చూసింది. లెక్కలు, పరిసరాల పుస్తకాలైతే ఇప్పుడు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. ఆ పిల్లకి రెండు పేజీలూ ఒకటే.

అక్షరాలు రాక కాదు. గుణింతం పాటలా అప్పజెబుతుంది. విడిగా మాట కనబడితే మాత్రం కొమ్ముకీ కొమ్ముదీర్ఘానికీ తేడా కంటికి ఆనదు, అక్షరం కింద ఒత్తు ఉంటే బండి ఆగిపోతుంది. కృష్ణా నీళ్లు తాగి పెరుగుతున్న పిల్ల ‘కృష్ణ’ అన్న మాట చదవలేకపోయింది. క కింద వట్రసుడి, ష కింద ణ ఒత్తు. నోటితో ‘కిష్ణ’ అంటుంది, కాగితం మీద ఉన్నది ఆ కిష్ణేనని తెలియదు.

మొదటి నెల నేను చేసిన పొరపాటు, ప్రతి తప్పూ దిద్దడం. దిద్దినకొద్దీ ఆ పిల్ల గొంతు తగ్గుతూ వచ్చి, ట్రంకు కాల్లో అవతలి మనిషిలా అయిపోయింది. తర్వాత నా నోరు కట్టేసుకున్నాను. ఆగిన చోట మనసులో అయిదు లెక్కపెట్టేదాన్ని. నాలుగు దగ్గర చాలాసార్లు తనే అందుకునేది.

ఒక శుక్రవారం నన్ను సాగనంపడానికి గేటు దాకా వచ్చి, ఎదురు గోడ మీది రాతను వేలితో గాల్లో గీస్తూ కూడబలుక్కుంది: ‘ఇ-చ్చ-ట మూ-త్ర-ము పో-య-రా-దు’. చదవడం పూర్తయ్యాక ఒక క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత అర్థం తట్టి, రెండు చేతులతో నోరు మూసుకుని ఒకటే నవ్వు. ఎవరూ ముందు చెప్పకుండా ఆ పిల్ల సొంతంగా చదివి, అర్థం చేసుకున్న మొదటి వాక్యం అదే. ఆ గోడ మీద రాయించిన వారెవరోగాని వారికి నా కృతజ్ఞతలు. గోడ వాసన సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను.

ఇది ఒక్క బడి గొడవ కాదు. మూడో తరగతి దాటేలోపు ప్రతి పిల్లకీ చదవడం రావాలని కేంద్రం 2021 జూలైలో నిపుణ్ భారత్ అనే కార్యక్రమం మొదలుపెట్టి, 2026-27 గడువు పెట్టుకుంది. పిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో ఇంటింటికీ వెళ్లి చూసే అసర్ సర్వే 2024 లెక్క ప్రకారం దేశంలో గ్రామాల ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు నూటికి 23 మంది. ఆ సర్వే గ్రామాలకే పరిమితం, సింగ్‌నగర్ పిల్లల లెక్క అందులో లేదు. మా బడి టీచరమ్మను అందామంటే మనసొప్పదు. రెండు తరగతులు ఒకే గదిలో కూర్చోబెట్టుకుని, మధ్యలో ఫోను పట్టుకుని హాజరు, భోజనం ఫొటోలు ఎక్కించే మనిషి ఒక్కొక్క పిల్ల పక్కన పావుగంట ఎక్కడ కూర్చుంటుంది?

ఆ పావుగంట ఇవ్వగలిగింది మనబోటివాళ్లే. బెజవాడలో పింఛనుదార్లకి కరువా? పొద్దున్నే ఏ వాకర్స్ క్లబ్బుకు వెళ్లినా షుగరు లెక్కలూ రాజకీయాలూ మాట్లాడుకునేవాళ్లు యాభైమంది కనబడతారు. మేమూ మొదట పదకొండు మందిమి బయల్దేరాం. సంక్రాంతికి ముగ్గురం మిగిలాం. మోకాళ్లు, మనవలు, అమెరికా, ఎవరి కారణాలు వాళ్లవి. నేను మాత్రం తక్కువ తిన్నానా! మా అబ్బాయి దగ్గరికి హైదరాబాద్ వెళ్లి చెప్పాపెట్టకుండా రెండు వారాలు మానేశాను. తిరిగొచ్చాక ఆ పాప పుస్తకం తియ్యలేదు. ‘ఊరెళ్లేటప్పుడు చెప్పి వెళ్లాలి మామ్మగారూ’ అంది. మళ్లీ గొంతు పెగలడానికి మూడు వారాలు పట్టింది. అందుకే ఏడాదంతా రాలేనివాళ్లు అసలు మొదలుపెట్టవద్దని నా మనవి. వాళ్లు నోటుపుస్తకాలే పంచవచ్చు.

ఇక అనుమతి సంగతి. దానికోసం ఒక కార్యాలయం మెట్లు నాలుగుసార్లు ఎక్కాను. ‘ఏ సంస్థ తరఫునమ్మా?’ అని ప్రతిసారీ అదే ప్రశ్న. ఏ సంస్థా లేదు, నా తరఫునే అంటే వాళ్ల దగ్గర దానికి ఫారం లేదు. చివరికి హెడ్‌మాస్టరు గారు తన పూచీ మీద రానిచ్చారు. అయితే నేనెవరో, ఎలాంటిదాన్నో ఎవరూ తనిఖీ చేయలేదు. అది నాకు సౌకర్యంగా ఉన్నా, తల్లినీ అమ్మమ్మనీ కాబట్టి భయం వేసింది. పిల్లల దగ్గరికి వచ్చే ప్రతివారి వివరాలూ పోలీసులు చూడాలి, టీచరు కంటికి ఎదురుగా వరండాలోనే కూర్చోబెట్టాలి. బడులకు స్వచ్ఛందంగా సాయం చేసేవాళ్ల కోసం కేంద్రం పెట్టిన విద్యాంజలి పోర్టల్లో పేరు నమోదు చేసుకునే వీలుంది, కాని పోర్టల్ వచ్చి నన్ను బడికి తీసుకెళ్లదు కదా. నగరపాలక సంస్థ, విద్యాశాఖ కలిసి మే నెలలోనే పిలుపిచ్చి, తనిఖీ చేసి, ఒక పూట ఎలా వినాలో చెప్పి, ఏడాదికి సరిపడా ఒక్క ఉత్తర్వు చేతికిస్తే చాలు. ఖర్చల్లా ఒక గుమాస్తా, ఒక రిజిస్టరు.

పుస్తకాలకి వేరే డబ్బు వెతకనక్కర్లేదు. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తున్నారు. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా బడి ట్రంకు పెట్టెలోని కథల పుస్తకాలన్నీ గుజ్జయిపోయాయి. అప్పటి నుంచి లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో ఏరి తెస్తున్నాను, పెద్దక్షరాలవి దొరకడం కష్టం. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో పుట్టిన ఊరు మనది. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలువ మీద ఊరూరా తిప్పారు. కాలువ మీద తిరిగిన పుస్తకాలు శాఖా గ్రంథాలయం నుంచి రెండు వీధుల అవతలి బడికి ఆటోలో రాలేవా? బడికో యాభై పుస్తకాల పెట్టె, నెలకోసారి మార్పిడి. గ్రంథాలయ సంస్థ వారు దీనికి జవాబు రాస్తే మీరు ప్రచురించాలని కోరుతున్నాను.

మా బడిలో పక్కన కూర్చునే మనిషి కోసం ఇంకా ఆరుగురు పిల్లలున్నారు. చాప ఉంది. మంగళ, శుక్రవారాలు, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి.

ఇట్లు,
ఒక విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగిని,
సత్యనారాయణపురం, విజయవాడ